గళ్ళ గుడ్డ మీద ఆడవాళ్ళ గుర్తు

చీర చూడగానే ఇది మంగళగిరి, ఇది వెంకటగిరి అని మనం చెప్పేస్తాం. ఆఫ్రికాలో కూడా చాలాచోట్ల గుడ్డను చూసి మనిషి ఎవరో చెబుతారు. అక్కడి కలబరి ఆడవాళ్ళ గుడ్డ గురించి ఈసారి రాస్తున్నాం. ఎందుకంటే ఆ గుడ్డకు మన చీరాలతో సంబంధం ఉంది.

కలబరి వాళ్ళది నైజీరియా దేశం. నైజర్ నది సముద్రంలో కలిసే చోట, బుగుమ లాంటి ఊళ్ళలో ఉంటారు. చేపల వేట, వ్యాపారం వాళ్ళ పాత వృత్తులు. మగ్గం వాళ్ళకు లేదు. ఇండియా నుంచి ఓడల్లో వచ్చిన గళ్ళ నూలు గుడ్డను కొనేవాళ్ళు. దాన్ని 'ఇంజిరి' అంటారు.

కొన్న గుడ్డను కొన్నట్టే కట్టుకుని ఊరుకోలేదు. ఆడవాళ్ళు సూదితో ఒక్కో పోగు పైకి లేపి, బ్లేడుతో కత్తిరించి, ఆ ముక్కను లాగేస్తారు. ఎక్కడ తీయాలో, ఎక్కడ ఉంచాలో లెక్క తప్పకూడదు. తప్పితే గుడ్డ పాడవుతుంది. పని అయ్యేసరికి గళ్ళ మధ్య కొత్త డిజైను వస్తుంది, గుడ్డ లేసులాగా పల్చగా, మెత్తగా అవుతుంది. దాని పేరు 'పెలెటె బితె', అంటే కత్తిరించిన గుడ్డ. అది కట్టుకున్న మనిషిని చూస్తే కలబరి అని తెలిసిపోతుంది.

బాలింత ఇంట్లో ఉండే రోజులు పూర్తయ్యాక మంచి గుడ్డలు, పగడాలు పెట్టుకుని నలుగురిలోకి వస్తుంది. పెద్దవాళ్ళు చనిపోతే ఇంటి ఆడవాళ్ళు పెట్టెల్లో దాచిన పాత గుడ్డలు తీసి, మంచాన్ని, గదిని అలంకరిస్తారు. ఆ వంశం గౌరవం ఆ గుడ్డల్లో కనబడుతుంది.

ఈ గుడ్డను 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' పేరుతో చీరాల చుట్టుపక్కల మన చేనేతవాళ్ళు నేశారు. పేరు మాత్రం మద్రాసుది. ఈ వ్యాపారం చరిత్రలో చెడ్డ సంగతి కూడా ఉంది. పాతకాలంలో యూరప్ వ్యాపారులు ఇండియా గుడ్డలు ఇచ్చి ఆఫ్రికాలో మనుషుల్ని బానిసలుగా కొన్నారు. అది కూడా మనం తెలుసుకోవాలి.

కలబరి ఆడవాళ్ళు ఆ గుడ్డ నేయలేదు. అయినా తమ చేతిపనితో దాన్ని తమది చేసుకున్నారు, పేరు కూడా పెట్టుకున్నారు. మన వైపు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టిన ఆడవాళ్ళు ఎంతమందో! 'ఇంటిపనిలో సాయం' అన్నారే గానీ వాళ్ళ పేరు, కూలి ఎవరూ రాయలేదు.

అందుకే సభ్యులందరినీ ఒకటి కోరుతున్నాం. కండెలు చుట్టినా, కుట్టుపని చేసినా, పచ్చళ్ళు పెట్టినా, ఎవరు ఏ పని చేశారో, ఎంత కూలి రావాలో సంఘం పుస్తకంలో పేరుతో సహా రాయించండి. మన పని మనది అని మనమే రాసుకోవాలి.