తలపాగా వృద్ధుల ఎచింగ్ చిత్రాలు

తూర్పుదేశాల తలపాగాలు, బొచ్చుటోపీలు పెట్టుకున్న ముసలివాళ్ల ముఖాలను ఎచింగ్ పద్ధతిలో అచ్చువేయడం 17వ శతాబ్దపు హాలెండ్‌లో ఊపందుకుంది. డచ్చివాళ్లు ట్రోనీలు అనే ఈ బొమ్మలు ఫలానా వ్యక్తివని చెప్పేవి కావు. కూర్చున్నవాడి పేరుతో ఎవరికీ పనిలేదు. కొనేవాళ్లు చూసేది ముడతలు, గడ్డం, చూపు, వింత వేషం.

రాగిరేకుకు మైనం, గుగ్గిలం కలిసిన పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. పూత లేచిన చోట ఆమ్లం రాగిని తింటుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద ఒత్తుతారు. సూది కలంలా తేలిగ్గా కదులుతుంది కాబట్టి నెరిసిన గడ్డానికి, టోపీ బొచ్చుకు ఇంతకన్నా అనువైన పద్ధతి లేదు.

లైడెన్ పట్టణానికి చెందిన యాన్ లీవెన్స్ (1607–1674), రెంబ్రాంట్ (1606–1669) ఇద్దరూ ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ లాస్ట్‌మన్ దగ్గర నేర్చుకున్నారు. బైబిలు పురుషులకు తుర్కీ వేషం వేయడం ఆ గురువుకు అలవాటే. లీవెన్స్ 'తూర్పుదేశపు తలలు' అనే వరస గీస్తే, వాటిలో కొన్నిటిని 1635లో రెంబ్రాంట్ తిరగగీసి, తాను దిద్దానని రేకు మీదే రాశాడు. స్నేహమో పోటీయో, రెండూ అయి ఉండొచ్చు. రెంబ్రాంట్ 1631లో గీసిన బొచ్చుటోపీ వృద్ధుణ్ణి అతని తండ్రి అని చాలాకాలం చెప్పుకున్నారు. తండ్రి చనిపోయింది 1630లో. ఆ గుర్తింపును గట్టిగా నమ్మనక్కర్లేదు.

ఈ తలపాగాల్లో అసలైన తుర్కీ కట్టును వెతకడం వృథా. చాలావరకు అవి చిత్రశాలలో చుట్టిన గుడ్డలు. అసలైన తూర్పు రెంబ్రాంట్ చేతికి ఆలస్యంగా, మొఘల్ సూక్ష్మచిత్రాల రూపంలో అందింది. షాజహాను సహా 20కి పైగా బొమ్మలను వాటిని చూసి గీశాడు. అందులో చెట్టు కింద కూర్చున్న నలుగురు వృద్ధుల చిత్రమే 1656లో అబ్రహాం దేవదూతలకు ఆతిథ్యమిచ్చే ఎచింగ్‌కు అమరికనిచ్చింది. పేరుకు తూర్పు తల కాకపోయినా, తూర్పుకు నిజంగా రుణపడ్డ ఎచింగ్ అదే.

ఇటలీలో జెనోవా చిత్రకారుడు కస్తీల్యోనే 1640ల్లో రెంబ్రాంట్ ప్రభావంతో చిన్నవి, పెద్దవిగా ఇలాంటి తలల వరసలు రెండు చేశాడు. వెనిస్‌లో జాన్‌దొమెనికో తియెపొలో తండ్రి జాంబత్తిస్తా చిత్రాల ఆధారంగా 60 తలలు ఎచింగ్ చేశాడు. 1770లో తండ్రి పోయాక అవి సంపుటాలుగా వెలువడ్డాయి. గీతలో వెలుగు ఆడుతుంది, నైపుణ్యానికి లోటు లేదు. కానీ లైడెన్ ముసలివాళ్ల ముఖాల్లోని బరువు ఇక్కడ లేదు. ముఖం కన్నా వేషమే ముందుకొచ్చింది.