కూటలేఖల పుట్టుక: పార్నెల్ వ్యవహారము

సందిగ్ధమైన లేఖ్యమును శోధించు విధము యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున జెప్పబడినది. స్వహస్తలిఖితముతోడి పోలిక మొదటి సాధనము. అది యొక్కటియే చాలదని యుక్తి, ప్రాప్తి, క్రియ, చిహ్నము, సంబంధము, ఆగమము అనునవియు నచ్చట పేర్కొనబడినవి. వీనిలో చిహ్నమనగా శ్రీకారాదులవలె వ్రాయువానికి అసాధారణమైన గుర్తని మితాక్షర. తక్కినవానిని విడిచి పోలికనే నమ్మినచో నేమగునో 1887 మొదలు 1890 వఱకు లండనునగరమున నడచిన పార్నెల్ వ్యవహారమునందు కాననగును.

చార్లెస్ స్టీవర్ట్ పార్నెల్ బ్రిటిషు పార్లమెంటునందు ఐర్లండు స్వపరిపాలనపక్షమునకు నాయకుడు. 1882 మే 6వ తేదీని డబ్లిన్ నగరమందలి ఫీనిక్స్ ఉద్యానమున ఐర్లండు ముఖ్యకార్యదర్శి ఫ్రెడరిక్ కావెండిష్ ప్రభువును, ఉపకార్యదర్శి థామస్ బర్కును ఘాతుకులు పొడిచి చంపిరి. పార్నెల్ ఆ హత్యలను బహిరంగముగా ఖండించెను. అయిదేండ్లు గడచినపిదప, 1887 ఏప్రిల్ 18వ తేదీని, 'టైమ్సు' పత్రిక యొక జాబుయొక్క ప్రతిబింబమును ప్రకటించినది. 1882 మే 15 తేదీగల యా జాబులో, ఖండనము విధిలేక చేసినదనియు, బర్కునకు దగినశాస్తియే జరిగినదనియు భావము. సంతకము పార్నెలుది వలె నున్నది, పైవ్రాత వేఱొకరిచేతిది. ఐర్లండును అణచుటకై తెచ్చిన చట్టముపై సభలో సమ్మతులు తీసికొను దినముననే యిది వెలువడుట గమనింపదగినది. ఆ రాత్రియే పార్నెల్ సభలో దానిని కూటలేఖ యనెను. ప్రతిపక్షులు నమ్మలేదు.

ఆయన వెంటనే న్యాయస్థానమున కెక్కలేదు. 1888 జూలైలో మాజీసభ్యుడు ఫ్రాంక్ హ్యూ ఓడోనెల్ తనకును నింద తగిలినదని పత్రికపై మానహాని వ్యాజ్యము తెచ్చి యోడిపోయెను. పత్రికపక్షమున వాదించిన అటార్నీ జనరలు ఆ సందర్భముననే మఱికొన్ని జాబులను జదివి వినిపించెను. నిందను తుడుచుటకు తెచ్చిన వ్యాజ్యము నిందకు క్రొత్త బలము నిచ్చినది! అంతట పార్లమెంటు సర్ జేమ్స్ హానెన్ అధ్యక్షుడుగా ముగ్గురు న్యాయాధిపతుల విచారణసంఘము నేర్పఱచెను.

సంఘముయెదుట 1889 ఫిబ్రవరిలో జాబుల పుట్టుక ప్రశ్నకు వచ్చినది. పత్రికాకార్యాలయాధికారి మాక్డోనల్డును పార్నెలుపక్షమున ఆస్క్విత్ ప్రశ్నించెను. జాబులు తనకు హూస్టన్ అను నతడు తెచ్చియిచ్చెననియు, అవి యతని కెక్కడివో తా నడుగలేదనియు, పార్నెల్ వ్రాయదగిన జాబులవలెనే తోచినవనియు నాతడు చెప్పెను. ఒకని స్వభావమునుగూర్చి ముందే యేర్పఱచుకొన్న యభిప్రాయము లేఖ్యమునకు సాక్ష్యమగుట యిచ్చట చూడనగును. హూస్టన్ స్వపరిపాలనకు విరోధియైన యొక సంఘమునకు కార్యదర్శి. అతడు పారిసునగరమున 500 పౌనులు జాబులకును, 105 పౌనులు తెచ్చినవానికిని ఇచ్చియుండెను. తెచ్చినవాడు రిచర్డ్ పిగట్, డబ్లిన్‌లో పూర్వము పత్రికలు నడపినవాడు. పారిసులో నెవరో విడిచిపోయిన నల్లని సంచిలో నవి దొరకినవని యతని కథ. అమ్మువారు మేడక్రింద వేచియున్నారని చెప్పగా, హూస్టన్ వారి ముఖము చూడగోరలేదు. కొన్నవాడు అమ్మినవానిని చూడడు, ప్రకటించినవాడు కొన్నవాని నడుగడు.

పిగట్ సాక్ష్యము ఫిబ్రవరి 21న సర్ చార్లెస్ రస్సెల్ చేతికి చిక్కెను. న్యాయవాది మొదటనే యొక కాగితము నిచ్చి కొన్ని మాటలు వ్రాయుమనెను. జీవనోపాధి, సంభావ్యత, మతమార్పిడి అను నర్థములు గల యాంగ్లపదములు, ఒకటి రెండు పేర్లు వ్రాయించి, చివర 'హెజిటెన్సీ' యనుమని, మొదటి వర్ణము చిన్నది వ్రాయవలెనని ముఖ్యవిషయ మదియే యైనట్లు హెచ్చరించెను. సంకోచార్థకమైన యా పదములో 'ఏ' అను వర్ణ ముండవలసినచోట పిగట్ 'ఈ' అను వర్ణము వ్రాసెను. ప్రకటితమైన జాబులలో నొకదానియందును ఆ తప్పే యున్నది. పిగట్ పూర్వము వ్రాసిన జాబులలోను ఉన్నది. నోట బలుకునప్పు డీ భేదము వినబడదు. మనవారిలో ఱ-రల భేదము చెవికి దోపకపోయినను తాటాకుమీద వ్రాయసకానిని పట్టియిచ్చునట్లు, అక్కడను ఒక్క యక్షరము పట్టియిచ్చినది. ఒక తప్పు యాదృచ్ఛికము కావచ్చును. కాని 'టైమ్సు' వ్యాసములు మార్చి 7న ప్రారంభము కాగా, పిగట్ 1887 మార్చి 4వ తేదీననే ఆర్చిబిషప్ వాల్షునకు పార్నెలుపక్షమును కూల్చు ప్రయత్నము జరుగుచున్నదని వ్రాసిన జాబును రస్సెల్ చూపించెను. ఏమియు నెఱుగనన్నవానికి మూడుదినముల ముందు తెలిసినదెట్లు? ఈ ప్రశ్నకు పిగట్ నోట సరియైన యుత్తరము రాలేదు.

ఫిబ్రవరి 23న పిగట్ లబూషేర్ అను పార్లమెంటుసభ్యుని యింటికి బోయి నేరమొప్పుకొనెను. నిజమైన జాబులను కిటికీయద్దమున కానించి, పదములను వానిమీద దిద్ది కూటలేఖలు కల్పించితి ననెను. 26న న్యాయాధిపతులు కూర్చుండునప్పటికి సాక్షి లేడు. మార్చి 1న మాడ్రిడ్ నగరమున రక్షకభటులు సమీపించుచుండగా పిస్తోలుతో కాల్చుకొని చనిపోయెను.

1890లో పార్నెల్ వ్యాజ్యము 5,000 పౌనులకు రాజీపడినది. పత్రికకు విచారణవ్యయము రెండు లక్షల పౌనులకు మించినది. ఆ ఫిబ్రవరిలో వెలువడిన నివేదికయందు న్యాయాధిపతులు జాబులు కూటములే యనిరి. కాని భూకౌలు చెల్లించువారిని బెదరించుటకు ఆ పక్షమువారు ప్రోత్సహించిరన్న యారోపణము కొంతమేర రుజువైనదనియు వారే వ్రాసిరి. ఆ భాగమును చదివినవారు మిక్కిలి కొద్దిమంది. పిగట్ పేరు విన్న పిమ్మట నింక దేనిని వినుటకును జనులకు ఓపిక లేకపోయినది.