రెండు కోఠీలు, ఒకే బాకీదారు

సికింద్రాబాద్ ఎం.జి. రోడ్డు మీద, ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్‌లో, పార్సీల అగ్ని ఆలయం ఉంది. 1847లో దాన్ని కట్టించింది విక్కాజీ మెహర్జీ, పెస్తన్‌జీ మెహర్జీ అనే అన్నదమ్ములు. అప్పటికే నిజాం సర్కారు వాళ్ళకు లక్షల్లో బాకీ పడి, తీర్చడం మానేసి రెండేళ్ళయింది. మరుసటి ఏటికల్లా వాళ్ళ వడ్డీవ్యాపార కోఠీ దివాళా తీసింది. అంతకు పాతికేళ్ళ ముందు విలియం పామర్ కంపెనీ కూలింది కూడా ఆ సర్కారుకు అప్పిచ్చే. స్టార్టప్‌లూ పెట్టుబడులూ అనే మాటలు ఈ ఊళ్ళో వినబడని రోజుల్లోనే, పెద్ద పెట్టుబడిదారులు పెద్ద నిర్ణయాలు ఎలా తీసుకున్నారో, ఎక్కడ తప్పటడుగు వేశారో ఈ రెండు కథలూ చెబుతాయి.

రెండింటికీ మూలం సైనికుల జీతాలు. 1798లో నిజాంతో కుదిరిన ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ సైన్యం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన మకాం వేసింది. 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద ఆ దండు సికింద్రాబాద్ అయింది. దాని ఖర్చు కింద నిజాం 1800లోనే బళ్ళారి, కడప ప్రాంతాలను కంపెనీకి వదిలేశాడు. రాయలసీమకు దత్తమండలం అన్న పేరు అలా వచ్చిందే. అది చాలదన్నట్టు 1813లో దర్బారులో కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, హెన్రీ రసెల్ ఇంకో సైన్యాన్ని పోగుచేశాడు. మొదట రసెల్ బ్రిగేడ్, తర్వాత హైదరాబాద్ కాంటింజెంట్. అధికారులు ఆంగ్లేయులు, జీతం మాత్రం నిజాంది, బొల్లారంలో దాని స్థావరం. ఏడాదికి సుమారు నలభై లక్షలు మింగేది.

శిస్తు పంట చేతికొచ్చాక వస్తుంది. సిపాయికి జీతం నెల తిరగ్గానే కావాలి. ఆలస్యమైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ నడిమి నెలలు గడవడానికి పేష్కారు చందూలాల్ సాహుకార్ల గడప తొక్కేవాడు. 1806 నుంచి 1843 దాకా రాజ్యం ఖజానా ఆయన చేతిలోనే నడిచింది. కవి, దాత, చెప్పలేనంత చతురుడు. అప్పు పుట్టించడంలో ఆయనంతటి వాడు లేడు. తీర్చే దారి ఏమిటని ఆలోచించే ఓపికే ఆయనకు లేకపోయింది.

పామర్ మొదలుపెట్టింది అప్పుల వ్యాపారం కాదు. తండ్రి కంపెనీ జనరల్, తల్లి హిందుస్థానీ మహిళ. నిజాం కొలువులో కొన్నాళ్ళు సైనికాధికారిగా చేసి, 1814 ప్రాంతంలో కోఠీ తెరిచాడు. గోదావరి అడవుల టేకును ఓడల తయారీకి పంపడం, పత్తి ఎగుమతి అతని ఆలోచనలు. అంతలో అంతకన్నా తేలికైన లాభం కనిపించింది: దర్బారుకు 24, 25 శాతం వడ్డీకి అప్పివ్వడం. స్వదేశీ రాజులకు ఆంగ్లేయులు అప్పివ్వకూడదని 1797 నాటి పార్లమెంటు చట్టం. గవర్నర్ జనరల్ అనుమతిస్తే తప్ప. 1816లో ఆ అనుమతి దొరికింది. కోఠీలో వాటాదారుగా చేరిన సర్ విలియం రంబోల్డ్ భార్య, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువు సొంత కూతురిలా పెంచిన అమ్మాయి. ఈ సంబంధమే పామర్ కంపెనీకి అసలు పెట్టుబడి అయిపోయింది. టేకు, పత్తి వెనకపట్టు పట్టాయి.

1820లో అరవై లక్షల కొత్త అప్పుకు కలకత్తాలో ఆమోదం దొరికింది. ఆ ఏడు చివర చార్లెస్ మెట్‌కాఫ్ రెసిడెంటుగా వచ్చి లెక్కలు విప్పించాడు. కొత్తదన్న అప్పులో అధిక భాగం పాత బాకీల మీద కొత్త పద్దు రాసుకున్నదే. పైగా వాటాదారులకు ఎనిమిది లక్షల బోనస్ అందులోనే కలిపేశారు. ఖజానాకు వచ్చిన నగదు కొంచెమే.

మెట్‌కాఫ్ పరిస్థితి ఎలాంటిదో ఆలోచించాలి. నిన్నమొన్నటి దాకా అతడు హేస్టింగ్స్‌కు కార్యదర్శి. అప్పులిచ్చిన వాళ్ళు యజమాని ఇంటివాళ్ళు. నోరు మూసుకుంటే పై పదవి ఖాయం. అయినా లెక్కలు రాసి పంపాడు, చీవాట్లు తిన్నాడు, వెనక్కి తగ్గలేదు. ఈ కథలో నాయకత్వం అన్న మాటకు తగ్గవాడు మొదట కనబడేది ఇక్కడే. హేస్టింగ్స్ 1823 జనవరిలో పదవి వదిలి వెళ్ళాడు. పామర్ బాకీ తీర్చడానికి కంపెనీ నిజాంకు సొమ్ము సర్దింది. బదులుగా ఉత్తర సర్కారుల మీద ఏటా అతనికి రావలసిన ఏడు లక్షల పేష్కష్‌ను (కప్పాన్ని) శాశ్వతంగా కొనేసింది, కోటీ పదహారు లక్షల పైచిలుకుకు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా తెలుగు తీరంతో నిజాంకు మిగిలిన ఆఖరి డబ్బు సంబంధం అలా ఒక కోఠీ బాకీలో కరిగిపోయింది. కొత్త అప్పుల దారి మూసుకుపోవడంతో పామర్ కంపెనీ 1824లో కూలింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులూ సైనికాధికారులూ అందులో దాచుకున్న సొమ్ము దానితోపాటే పోయింది.

పెస్తన్‌జీ అన్నదమ్ములకు ఇదంతా కళ్ళముందు జరిగినదే. కానీ వాళ్ళు వచ్చిన దారి వేరు. 1825-26లో నిజాం ఏలుబడిలోని బేరార్ పత్తిని మొదటిసారి బొంబాయికి పంపింది వీళ్ళే: ఐదువందల ఎద్దుల మోత, లక్షా ఇరవైవేల పౌన్లు. ఘాట్ల మీద దారులు బాగుచేయించారు, ఖాంగావ్ వంటి చోట్ల గిడ్డంగులు కట్టారు, బేళ్ళు బిగించే మరలు పెట్టారు. ఎవరూ నడవని దారిలో ముందుగా నడిచిన నిజమైన వ్యాపారులు.

1835 నుంచి చందూలాల్ వాళ్ళను పెద్ద అప్పుల్లోకి లాగాడు. తనఖాగా బేరార్ తాలూకాల శిస్తు రాసిచ్చాడు. ఔరంగాబాద్ టంకసాల వాళ్ళ చేతికొచ్చింది. అక్కడ ముద్రించిన రూపాయిని జనం పెస్తన్‌షాహీ అనేవారు. పేరు నాణెం మీదికి ఎక్కిన సాహుకారికి తన అప్పు క్షేమమన్న నమ్మకం కలగడం సహజమే. కానీ ఆ తనఖా నిలిచింది చందూలాల్ మాట మీద. 1843లో ఆయన రాజీనామా చేశాడు. 1845లో సర్కారు తాలూకాలను వెనక్కి లాక్కుంది, బాకీ మాత్రం తీర్చలేదు. ఆంగ్లేయులకు మొరపెట్టుకుంటే జోక్యం చేసుకోబోమన్నారు. పామర్‌కు బాకీ ఇప్పించిన కంపెనీ పార్సీ సాహుకార్లకు ఆ ఆసరా ఇవ్వలేదు. ఇది అన్యాయమే. అయితే ఆ అన్యాయం జరిగే వీలుందని పత్తి లెక్కలు అంత జాగ్రత్తగా చూసిన మనుషులు ముందే పసిగట్టవలసింది. ఒక్క బాకీదారు, ఆ బాకీదారు తరఫున ఒక్క మనిషి, అతని మీద చెల్లే కోర్టు ఏదీ లేదు. బొంబాయి పత్తి బజారులో ఇలాంటి బేరం వాళ్ళు ఒప్పుకునేవారే కాదు.

కాంటింజెంట్ జీతాల బకాయి మాత్రం పెరుగుతూనే పోయింది. 1853 మే నెలలో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒత్తిడికి నిజాం నాసిరుద్దౌలా బేరార్‌ను కంపెనీ పాలనకు అప్పగించాడు. అదే నెలలో ఇరవైనాలుగేళ్ళ సాలార్ జంగ్ దివాన్ అయ్యాడు. అతడు చేసిన పని చందూలాల్ ముప్పైయేడేళ్ళలో చేయనిది. శిస్తు గుత్తలు క్రమంగా ఎత్తేసి జీతగాళ్ళయిన తాలూక్‌దార్లను పెట్టాడు. టంకసాలలను హైదరాబాద్‌కు చేర్చి హాలీ సిక్కా రూపాయిని స్థిరపరిచాడు. సాహుకార్ల దగ్గర తనఖాలో ఉన్న జిల్లాలను ఒక్కొక్కటిగా విడిపించాడు. కొత్త అప్పు తేకుండా ఖర్చు తగ్గించే దారి కష్టమైనది, దర్బారులో శత్రువులను పెంచేది. తెలిసే ఎంచుకున్నాడు.

పామర్ 1867 దాకా హైదరాబాద్‌లోనే బతికాడు. కోఠీ పోయిన నలభై మూడేళ్ళకు పోయాడు. పెస్తన్‌జీలు బాట వేసిన ఖాంగావ్ పత్తి బజారుకు 1870లో రైలు వచ్చింది. సర్కారుకు ఇచ్చిన లక్షలు వాళ్ళకు తిరిగి రాలేదు గానీ, ఎద్దుల మీద మొదలైన ఆ వ్యాపారం మాత్రం బేరార్‌ను దేశంలోని పెద్ద పత్తి ప్రాంతాల్లో ఒకటిగా నిలబెట్టింది.