‘కింగిస్ క్వేర్’ కర్తృత్వ విచారము

మధ్యయుగ స్కాట్లండు కవులను ‘చాసరు అనుయాయు’లని పేర్కొనుట ఆంగ్ల సాహిత్యచరిత్రకారులకు చిరకాలము పరిపాటిగా నుండెను. ఈ వ్యవహారము ఎంతవరకు సమంజసమో ‘కింగిస్ క్వేర్’ అను కావ్యమును బట్టి విచారింతము. ‘రాజుగారి పుస్తకము’ అని దీని యర్థము.

స్కాట్లండు యువరాజు జేమ్స్ 1406లో, పదునొకండేండ్ల ప్రాయమున, ఓడలో ఫ్రాన్సునకు పోవుచు ఆంగ్లేయుల చేజిక్కెను. పిమ్మట స్వల్పకాలములోనే తండ్రి మూడవ రాబర్టు మరణించుటచే, ఈ బాలుడు చెరయందుండియే రాజయ్యెను. పదునెనిమిదేండ్లు గడచిన పిదప, 1424లో, జోన్ బోఫోర్టును పరిణయమాడి స్వదేశమునకు మరలెను. 1437లో పెర్త్ నగరమున హతుడయ్యెను.

కావ్యమున బందీ యొకడు గవాక్షమునుండి ఉద్యానవనమందలి కన్యను గాంచి వలచును. ఈ ఘట్టమునకు మూలము చాసరు చెప్పిన నైటు కథయే. ఏడు పాదముల పద్యరూపమును చాసరు వాడినదే. కావ్యాంతమున కవి గోవరును, చాసరును గురువులుగా స్మరించినాడు కూడ. ఋణము స్పష్టము. అయినను చాసరు బందీలు కథాపాత్రములు. ఇచట చెర కవి స్వానుభవము. నిద్రపట్టని రాత్రి బొయీథియసు గ్రంథపఠనముతో కావ్య మారంభమగుట గమనింపదగినది. అదియు చెరలో పుట్టిన గ్రంథమే కదా!

అయితే కవి రాజేనా? ఏకైక వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డునందలి బాడ్లియన్ గ్రంథాలయమున కలదు. అందు కర్తగా జేమ్స్ పేరున్నను, అది రాజు మరణించిన అర్ధశతాబ్దికి పిమ్మటిది. 1896లో జె. టి. టి. బ్రౌన్ ఈ కర్తృత్వమును కాదనెను. భాషలో స్కాట్లండు రూపములును దక్షిణాంగ్ల రూపములును కలగలసియుండుట కొందరికి సందేహ కారణమైనది. ఇంగ్లండులో పెరిగిన స్కాట్లండు రాజునకు అట్టి భాష అసహజము కాదని మా తలంపు. లేఖకుని చేయియు కొంత యుండవచ్చును. వ్రాతప్రతులతో పరిచయమున్నవారికి ఇది వింత గాదు. పైగా, రాజు వివాహమునకు పూర్వము చెరలోనే రాణిని గూర్చి చిన్న పుస్తకము రచించెనని జాన్ మేయర్ 1521 నాటి తన చరిత్రగ్రంథమున చెప్పియున్నాడు. ఈ సాక్ష్యమును త్రోసిపుచ్చుటకు తగిన హేతువు మాకు కానరాదు.