కందెన గొట్టం నుంచి స్ప్రే డబ్బా దాకా

ఈ ఎపిసోడ్ విన్నాక చాలామంది "అన్నా, సొరుగులు పట్టేస్తే ఏం కొట్టాలో రాసి పెట్టు" అని అడిగారు. రాస్తాను. కానీ ముందు నా జీతంలో రెండు రోజులు కోత పడిన కథ చెప్పాలి.

షార్జాకి వచ్చిన మొదటి ఏడాది. ఫ్లాట్లలో మెయింటెనెన్స్ పని. ఒక ఇంట్లో నాలుగు సొరుగులు కదలనంటున్నాయి. బ్యాగులో ఇంజిన్ ఆయిల్ ఉంది, ఛానళ్ల నిండా పోశాను. జర్రున జారాయి. ఇంటావిడ సంతోషపడింది, నేనూ సంతోషపడ్డాను. నెల తిరక్కముందే కంప్లైంట్ వచ్చింది. ఇక్కడి ఇసుక దుమ్ము సంగతి మీకు తెలిసిందే కదా, అదంతా నూనెకి అంటి నల్లటి ముద్దయింది. లోపలి బట్టలకి జిడ్డు. కొత్త ఛానళ్ల ఖర్చు నా నెత్తిన పడింది.

ఆ ముద్దని వేలితో తీసి చూస్తే మా తాత గుర్తొచ్చాడు. అచ్చం మా బండి కందెనే.

మాది పాలమూరు వైపు. వానాధార చేలల్లో ఆముదం బాగా వేసేవాళ్లు. తాత గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో నింపి, బండి కింద వేలాడదీసేవాడు. ఇరుసు కీచుమంటే చాలు, బండి ఆపి చక్రం కాస్త బయటికి లాగి పూసేవాడు. "బండి అరిస్తే ఎద్దుకి బరువురా" అనేవాడు. ఆముదం చిక్కన. ఇరుసుకి పట్టుకుంటే బరువు పడినా, ఎండ కాసినా తొందరగా జారిపోదు. అయితే దుమ్ముని కూడా పట్టుకుంటుంది. అందుకే తాత పాత కందెన గీకేసి మరీ కొత్తది పూసేవాడు. నేను పూయడమే నేర్చుకున్నాను, గీకడం మర్చిపోయాను.

ఈ ఆముదం మన బండ్ల దగ్గరే ఆగిపోలేదు. 1899లో ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ నూనెల కంపెనీ పెట్టాడు. 1909లో ఆముదం కలిపిన ఇంజిన్ నూనె తెచ్చారు. ఇంగ్లీషులో ఆముదాన్ని క్యాస్టర్ అంటారు, దాని నుంచే క్యాస్ట్రాల్ అనే పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజిన్లకి ఆముదమే పోసేవారు, అది పెట్రోలులో సులువుగా కలవదు కాబట్టి. అంత గొప్ప నూనెకీ ఒక రోగం ఉంది. వేడి, గాలి తగిలేకొద్దీ చిక్కబడి లక్కలాగా అంటుకుపోతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆముదం సీసా ఎవరి దగ్గరైనా ఉంటే తలకి రాసుకోండి, సొరుగుకి వద్దు.

ఎంత వేయాలన్నది కూడా పాత గొడవే. మనతో పనిచేసే ఈజిప్టు వాళ్ల దేశంలో జెహుతిహోటెప్ అనే అధికారి సమాధి ఉంది, సుమారు నాలుగు వేల ఏళ్ల నాటిది. గోడ మీద బొమ్మలో వందమందికి పైగా ఒక పెద్ద విగ్రహాన్ని చెక్క బల్ల మీద పెట్టి లాగుతుంటారు. ముందు ఒకడు నిలబడి ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. ఏదో పూజ అనుకున్నారు చాలామంది. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు ఇసుకకి సరిపడా తడి తగిలితే లాగే బలం సగానికి తగ్గుతుందని తేల్చారు. నీళ్లు ఎక్కువైతే మాత్రం ఆ లాభం పోతుంది. వందమంది లాగుతుంటే చెంబు పట్టుకున్నవాడికి కొలత తెలియాలన్నమాట.

నాకు బాగా నచ్చిన మనిషి ఎలైజా మెకాయ్. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని కెనడా పారిపోయిన నల్లజాతి దంపతుల కొడుకు. స్కాట్లాండ్ వెళ్లి ఇంజినీరింగ్ పని నేర్చుకున్నాడు. తీరా అమెరికా వచ్చి పని అడిగితే, నల్లవాడికి ఇంజినీరు ఉద్యోగమా అన్నారు. మిషిగన్‌లో రైల్వే ఇచ్చిన పని, ఇంజినులో బొగ్గు వేయడం, నూనె పోయడం. డిగ్రీ చదివి ఇక్కడ హెల్పర్ వీసా మీద ఉన్నవాళ్లకి ఈ కథ విప్పి చెప్పక్కర్లేదు. అప్పట్లో నూనె పోయాలంటే యంత్రాన్ని ఆపాలి. రోజూ ఆ పని చేసిన చెయ్యి కాబట్టి ఆవిరి యంత్రం నడుస్తుండగానే నూనె అందించే పరికరం చేశాడు. 1872లో పేటెంట్ వచ్చింది. డబ్బు లేక చాలా హక్కులు ఇతరులకి రాసివ్వాల్సి వచ్చింది, అది వేరే బాధ. 1915 నాటికి అతను నూనెలో గ్రాఫైట్ కలిపి పంపే పరికరానికి పేటెంట్ తీసుకున్నాడు. గ్రాఫైట్ అంటే పెన్సిల్ ములుకులో ఉండేదే. కొత్త ఇంజిన్ల వేడికి వట్టి నూనె చాలలేదు.

ఇక మనందరి బ్యాగులో ఉండే నీలం, పసుపు డబ్బా. డబ్ల్యూడీ-40 పుట్టింది 1953లో, శాన్‌డియాగోలో. పేరుకి అర్థం నీటిని తోసేసేది, నలభయ్యో ప్రయత్నం. అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండా చేశారు. ఆ ఫ్యాక్టరీ పనివాళ్లు డబ్బాలు లంచ్ బాక్సుల్లో ఇళ్లకి పట్టుకుపోయారట, అది చూసే 1958లో బజారులోకి తెచ్చారు. పాత గ్రీజు వదిలించడానికి అది భేషుగ్గా పనిచేస్తుంది. కొట్టి, తుడిచేయాలి. తుడవకుండా వదిలేస్తే మిగిలే పల్చటి నూనె పొర మళ్లీ దుమ్ము పడుతుంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. సొరుగు పూర్తిగా బయటికి తీస్తాను. ఛానల్‌లో మురికి తుడుస్తాను, సగం సొరుగులు అక్కడే బాగుపడతాయి. బాల్ బేరింగ్ ఛానల్ అయితే ఆరిపోయే రకం టెఫ్లాన్ స్ప్రే, లేదా సిలికాన్ స్ప్రే, ఒక్క పలుచటి వరస. టెఫ్లాన్ 1938లో రాయ్ ప్లంకెట్ అనే కెమిస్టుకి, ఖాళీ అనుకున్న గ్యాస్ సిలిండర్‌ని కోస్తే తెల్లటి పొడిగా దొరికింది. ప్లాస్టిక్ చక్రాలుండే ఛానల్‌కి నూనె ముట్టించను. చెక్క మీద చెక్క జారే పాత సొరుగైతే తెల్ల కొవ్వొత్తి ముక్క రుద్దితే చాలు, ఒక దిర్హమ్ కూడా కాదు. సిలికాన్ మాత్రం పెయింట్ వేయబోయే చోట కొట్టకండి, రంగు పట్టదు.

ఛానల్ వంగినా, తేమకి చెక్క ఉబ్బినా ఏ డబ్బా పనిచేయదు. అప్పుడు ఏమీ కొట్టకుండా ఫోటో తీసి, "ఛానల్ వంగింది, మార్చాలి" అని ఫోర్‌మన్‌కి వాట్సాప్‌లో పెట్టండి. నోటితో చెప్తే నెలాఖరులో ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు నేను తీసిన నాలుగు ఛానళ్లలో ఒకటి ముందే వంగి ఉంది. నేను ఫోటో తీయలేదు.