జీర్ణాశయ క్యాన్సర్: రోగనిరోధక కణాలు, సంకేత ప్రోటీన్ల పాత్ర

శరీరానికి రక్షణగా నిలవాల్సిన రోగనిరోధక వ్యవస్థే జీర్ణాశయ క్యాన్సర్‌లో వ్యాధికి ఊతమిచ్చే పరిస్థితి ఏర్పడుతుంది. 2022 అంచనాల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా సుమారు 9.7 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా సోకగా, 6.6 లక్షల మంది మరణించారు. భారతదేశంలో మిజోరం రాష్ట్రంలో దీని తీవ్రత అధికం.

బ్యాక్టీరియాతో ఆరంభం

ఈ వ్యాధికి ప్రధాన కారకం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దీనిని వెలుగులోకి తెచ్చిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ పురస్కారం లభించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దీనిని క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. అయితే బ్యాక్టీరియా సోకినవారిలో అతి కొద్దిమందికే క్యాన్సర్ వస్తుంది. ఈ వ్యత్యాసానికి గల కారణాలలో రోగనిరోధక స్పందన ఒకటి.

బ్యాక్టీరియా జీర్ణాశయపు లోపలి పొరకు అంటుకోగానే అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-8 అనే సంకేత ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. ఈ సంకేతంతో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరుకుంటాయి. అవి వెలువరించే రసాయనాలు బ్యాక్టీరియాను పూర్తిగా నిర్మూలించలేకపోగా, సొంత కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. మాక్రోఫేజ్ కణాలు స్రవించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వాపును పెంచి, ఆమ్ల స్రావాన్ని తగ్గిస్తుంది. దశాబ్దాల తరబడి ఇది కొనసాగితే లోపలి పొర క్షీణించి, పేగు కణాలను పోలిన కణాలు ఏర్పడి, కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది.

కణితికి లొంగిపోయే రక్షకులు

కణితి ఏర్పడ్డాక పరిస్థితి మారుతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో స్టాట్-3 ప్రోటీన్ చైతన్యవంతమై, క్యాన్సర్ కణాల విభజనకు తోడ్పడుతుంది. కణితిలోని మాక్రోఫేజ్‌లు కొత్త రక్తనాళాల ఏర్పాటుకు సహకరిస్తాయి. నియంత్రక టి-కణాలు దాడిని అణచివేస్తాయి. క్యాన్సర్ కణాలపై ఉండే పీడీ-ఎల్1 ప్రోటీన్, టి-కణాలపై ఉన్న పీడీ-1తో అనుసంధానమై వాటిని నిష్క్రియం చేస్తుంది.

చికిత్సకు మార్గం

పీడీ-1ను కనుగొన్న జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజో 2018లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. పీడీ-1ను అడ్డగించే నివోలుమాబ్ ఔషధాన్ని ముదిరిన జీర్ణాశయ క్యాన్సర్‌కు కీమోథెరపీతో కలిపి తొలి చికిత్సగా వాడేందుకు 2021లో అమెరికా అనుమతించింది. అయితే ఇది అందరికీ సమానంగా పనిచేయదు. కణితిలో పీడీ-ఎల్1 అధికంగా ఉన్నవారికి, డీఎన్‌ఏ మరమ్మతు వ్యవస్థ లోపించిన కణితులు గలవారికి ప్రయోజనం ఎక్కువ. అందువల్ల చికిత్సకు ముందు కణితి నమూనా పరీక్ష కీలకం. అడ్డు తొలగిన టి-కణాలు కొన్నిసార్లు థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తులపైనా దాడి చేయవచ్చు.

యాంటీబయోటిక్‌లు, ఆమ్లాన్ని తగ్గించే మందులతో హెలికోబాక్టర్ పైలోరీని నిర్మూలిస్తే క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. లోపలి పొర క్షీణించకముందే ఈ చికిత్స అందితే ఫలితం అధికంగా ఉంటుంది.