ఎడమకాలి వంతు

తల్లాడ సెంటర్‌లో బస్సు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. సత్తుపల్లికో దారి, కొత్తగూడానికో దారి. టీ కొట్టులో పాలు అప్పుడే పొంగుతున్నాయి. ఊళ్లోకి నడిస్తే బడి మైదానం. మంచుకు తడిసిన గడ్డి మీ పాదాలకు అంటుకుంటుంది. నేల మీద ముగ్గుపిండితో గీసిన తెల్లటి గీత. దాని వెనక ఫుట్‌బాల్ ఆడే ముగ్గురమ్మాయిలు: 11, 14, 17 ఏళ్లవాళ్లు.

పీఈటీ మేడం టేపు పరుస్తుంది. "తొక్కుడుబిళ్ల ఆడినట్టే. ఒంటికాలి మీద ఒక్క గెంతు. పడ్డచోట కదలకుండా నిలబడాలి."

చిన్నపిల్ల కుడికాలి మీద గెంతినా, ఎడమకాలి మీద గెంతినా ఇంచుమించు ఒకేచోట వాలుతుంది. ఈ వయసులో కాళ్ల బలంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ పెద్ద తేడా ఉండదు.

రెండో అమ్మాయి ఈ మధ్యే బాగా పొడుగైంది. ఆమె నేలను తాకే క్షణాన మోకాలినే చూడండి. లోపలికి వాలిపోతుంది. ఎముక ముందు సాగింది, కండ ఇంకా దాన్ని అందుకోలేదు. ఈడొచ్చాక తొడ ముందు కండరం బలపడినంతగా అమ్మాయిల్లో వెనక కండరం బలపడదు. ముందుది మోకాలి కింది ఎముకను ముందుకు లాగుతుంది, వెనకది పట్టి ఆపాలి. ఆ పట్టు చాలకపోతే భారం మోకాలి లోపలున్న ఏసీఎల్ లిగమెంట్ మీద పడుతుంది. ఫుట్‌బాల్‌లో అది తెగే ముప్పు అబ్బాయిలకన్నా అమ్మాయిలకు రెండు మూడు రెట్లు ఎక్కువ. స్పెయిన్ తార అలెక్సియా పుతెయాస్‌కు 2022లో, యూరో టోర్నీ మొదలయ్యే ముందురోజు శిక్షణలోనే అది తెగింది. నెలల తరబడి ఆట లేదు.

ఇక పెద్దమ్మాయి. కుడికాలితో 140 సెంటీమీటర్లు, ఎడమకాలితో 119. అంటే కుడిదానిలో 85 శాతం. కనీసం 90 ఉండాలని మేడం లెక్క.

"ఎడమది మొదట్నుంచీ అంతే మేడం. చేతకాదు దానికి."

"తొక్కుడుబిళ్ల ఏ కాలితో ఆడేదానివి?"

"కుడికాలితోనే."

"బంతి?"

ఆ అమ్మాయి తలవంచుకుంటుంది.

"దానికి చేతకాక కాదమ్మా, మనం పని చెప్పక."

గోనెసంచి మీద మోకాళ్లూని ఒకరు, వెనక మడమలు అదిమిపట్టి ఇంకొకరు. నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. తొడ వెనక కండ వణకడం మీకు కనిపిస్తూనే ఉంటుంది. నార్డిక్ అనే ఈ కసరత్తు, ఫిఫా 11 ప్లస్ అనే 20 నిమిషాల వార్మప్‌లో ఒక భాగం. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల జట్లతో ఆ వార్మప్‌ చేయించి చూశారు. గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయని 2008లో ప్రకటించారు. నార్డిక్‌కు యంత్రం అక్కర్లేదు, మడమలు పట్టుకునే తోడు చాలు.

మడమలు పట్టుకున్న చిన్నది సౌమ్యక్క గురించి అడుగుతోంది. నిజామాబాద్ జిల్లాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరింది. అంత దూరం వెళ్లాలనుకునే పిల్లకు బూట్లకన్నా ముందు మనం చూడాల్సింది మోకాళ్లు.

ఎండ పొడుస్తోంది. మిగిలిన ముగ్గుపిండితో పెద్దమ్మాయి చిన్నదానికోసం తొక్కుడుబిళ్ల గడులు గీస్తుంది. బిళ్ల వేస్తుంది. అలవాటుగా ఎడమకాలు ఎత్తబోయి, దించుతుంది.

కుడికాలు మడిచి గెంతుతుంది.